గోదురుకప్పల ఆకృతి: ఆడ, మగ, ఊరు, దీవి

గోదురుకప్పలు బ్యూఫోనిడే కుటుంబానికి చెందిన ఉభయచరాలు. బొడిపెలతో గరుకుగా ఉండే చర్మం, కళ్ల వెనక ఉబ్బెత్తుగా కనిపించే విషగ్రంథులు, పొట్టి కాళ్లు, చిన్న చిన్న గెంతులతో సాగే నడక వీటి గుర్తులు. గోదావరి డెల్టాలో ఇళ్ల చుట్టూ తిరిగే గోదురుకప్ప శాస్త్రనామం డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్. ఈ గడ్డ దానికి పుట్టిల్లు. అదే కప్ప మడగాస్కర్‌లో, తూర్పు తైమూర్‌లో చొరబాటు జాతిగా మారి అక్కడి జీవజాలానికి ముప్పు తెచ్చింది. దాని దాయాదులు మరో రెండు, దక్షిణ అమెరికా కేన్ టోడ్, ఆఫ్రికా గట్టురల్ టోడ్, మనుషుల చేతుల మీదుగా సముద్రాలు దాటి కొత్త నేలల్లో పాతుకుపోయాయి.

కొత్త చోటికి చేరిన కప్ప వచ్చినప్పటి ఆకారంతోనే ఉండిపోదు. వందేళ్లు తిరక్కుండానే దాని ఒళ్లు, కాళ్లు, తల కొలతలు మారిపోతాయి. ఆ మార్పు ఆడదానిలో ఒక మేరకు, మగదానిలో ఇంకో మేరకు ఉంటుంది. దీనికి చక్కని ఉదాహరణ మారిషస్‌లో దొరికింది. కోరింగ రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ల సంతతి నేటికీ ఉంటున్న దీవి అది. అందుకే ఈ విషయం గోదావరి వాళ్లకు పరాయిది కాదు.

డెల్టా కప్ప

ఈ కప్పను శాస్త్రలోకానికి తొలిసారి వర్ణించినవాడు జర్మన్ పండితుడు యోహాన్ గాట్లోబ్ ష్నైడర్. 1799లో అతను బ్యూఫో మెలనోస్టిక్టస్ అని పేరు పెట్టాడు. మన పాత జంతుశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఆ పేరే. 2006లో ప్రపంచ ఉభయచరాల వర్గీకరణను తిరగరాసినప్పుడు దీన్ని, దీని దగ్గరి బంధువులను విడదీసి కొత్త ప్రజాతి కింద చేర్చారు. భారతీయ ఉభయచర శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా గౌరవార్థం ఆ ప్రజాతికి డట్టాఫ్రైనస్ అని పేరు వచ్చింది.

తల మీద, కళ్ల చుట్టూ నల్లటి గట్టి అంచులు ఉంటాయి. ఇవి కప్పకు కళ్లజోడు పెట్టినట్టు కనిపించి, దీన్ని వెంటనే పోల్చుకోవడానికి పనికొస్తాయి. వీపు మీది బొడిపెల కొసలు నల్లని ముళ్లలా ఉంటాయి. కంటి వెనక ఉన్న పారటాయిడ్ గ్రంథిని నొక్కితే పాలలాంటి విషం ఊరుతుంది. అది గుండె కండరాల పనిని దెబ్బతీసే రసాయనాల మిశ్రమం. ఈ కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయన్నది మాత్రం వట్టి అపోహ. ముట్టుకున్నాక చేతులు కడుక్కోకుండా కళ్లు నలుముకుంటే మంట పుట్టడం మాత్రం నిజం.

1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తర్వాత డెల్టాలో కాలువలు, బోదెలు, చెరువులు ఊరూరా అల్లుకున్నాయి. సార్వాకు, దాళ్వాకు చేలల్లో నీరు నిలిచింది. గుడ్లు పెట్టడానికి నిలవనీరు, మిగతా కాలమంతా తలదాచుకోవడానికి మనుషుల ఊళ్లు కావలసిన కప్పకు ఇంతకన్నా అనువైన చోటు లేదు. తులసికోట మొదట్లో, నీళ్ల గోళెం కింద, కోనసీమ తోటల్లో కొబ్బరి డొక్కల కుప్పల్లో పగలంతా నక్కి ఉంటుంది. తొలకరి జల్లు పడ్డ రాత్రి వీధిదీపం కింద రాలే ఉసిళ్లను నాలుకతో అందుకుంటూ తిరుగుతుంది. ఆడది పొడవాటి జిగురు దారాల్లో వేల గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే తోకపిల్లలు నల్లగా ఉండి మడుగుల్లో గుంపులుగా ఈదుతాయి.

వరిచేలల్లో ఉండే బోదురుకప్ప వేరు. నున్నటి ఒళ్లు, పొడవాటి వెనక కాళ్లు ఉన్న ఆ కప్పను కాళ్ల మాంసం కోసం పట్టి విదేశాలకు పంపేవారు. 1987లో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. గోదురుకప్పను దాని విషమే ఆ వేట నుంచి కాపాడింది. పాములకు మాత్రం ఆ కాపుదల అడ్డు కాదు. చెరువుగట్ల మీద తిరిగే నీరుకట్టు పాము దీన్ని మింగి హాయిగా బతుకుతుంది. లక్షల ఏళ్లుగా ఒకే నేల మీద ఉండటం వల్ల మన పాములకు ఆ విషాన్ని తట్టుకునే శక్తి అబ్బింది. ఈ సంగతి మడగాస్కర్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కావాలి.

ఆడ, మగ

కప్పల్లో దాదాపు 90 శాతం జాతుల్లో మగదాని కన్నా ఆడదే పెద్దది. ఆస్ట్రేలియా జీవశాస్త్రవేత్త రిచర్డ్ షైన్ 1979లో ఉభయచరాలన్నిటినీ పోల్చి ఈ లెక్క తేల్చాడు. మన గోదురుకప్పా ఈ కోవలోదే. సాధారణంగా మగవి సుమారు 57 నుంచి 83 మిల్లీమీటర్లు, ఆడవి 65 నుంచి 85 మిల్లీమీటర్లు ఉంటాయని చెబుతారు. అంతకన్నా చాలా పెద్దవీ కనిపిస్తాయి. రెండు లెక్కలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి కాబట్టి, ఒంటరిగా కనిపించిన కప్ప సైజును చూసి ఆడో మగో చెప్పడం కుదరదు.

ఆడది పెద్దదై ఉండటానికి మామూలుగా చెప్పే కారణం గుడ్లు. పొట్ట పెద్దదైతే ఎక్కువ గుడ్లు పడతాయి. దీనికి తోడు వయసు సంగతి ఒకటుంది. మగకప్ప త్వరగా ఈడుకొచ్చి జతకట్టే పనిలో పడుతుంది. ఆడది మరికొంత కాలం ఎదుగుతూ పోయి ఆలస్యంగా గుడ్లకు వస్తుంది. కప్ప వేలి ఎముకను అడ్డంగా కోసి చూస్తే, చెట్టు మానులో మాదిరే వయసు వలయాలు కనిపిస్తాయి. అలా వయసు లెక్కగట్టి చూసినప్పుడు, చాలా జాతుల్లో ఆడ మగల మధ్య సైజు తేడాకు వయసు తేడాయే ముఖ్యకారణమని తేలింది. నా దృష్టిలో ఇది గుడ్ల వాదం కన్నా గట్టి వివరణ. గుడ్ల వాదం ఎందుకో చెబుతుంది గాని, ఎలాగో చెప్పదు.

మగదాని ఒంటిని తీర్చిదిద్దింది పోటీ. వాన పడిన రాత్రి ఒక్క మడుగులో పదుల కొద్దీ మగకప్పలు చేరతాయి, ఆడవి కొద్దిగానే వస్తాయి. మగది ఆడదాని వీపెక్కి చంకల కింద ముందు కాళ్లతో బిగించి పట్టుకుంటుంది. ఇతర మగకప్పలు దాన్ని తోసెయ్యడానికి మీదపడతాయి. పట్టు సడలితే అవకాశం పోయినట్టే. అందుకే మగకప్ప ముంజేతులు బలంగా ఉంటాయి. జతకట్టే కాలంలో ముందు కాళ్ల లోపలి వేళ్ల మీద నల్లటి గరుకు మెత్తలు ఏర్పడతాయి, గొంతు కింద స్వరకోశం ఉబ్బుతుంది. తొలివానల్లో మగవి ఒక్కసారిగా నిమ్మపండు రంగుకు మారి, ఆ సందడి అయ్యాక తిరిగి మట్టిరంగుకు రావడమూ ఉంది. బోదురుకప్పల్లో ఈ పసుపు మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

లోపల ఇంకో విశేషం ఉంది. గోదురుకప్పల కుటుంబంలో మగవాటి వృషణాల పక్కనే ఎదగని అండాశయం లాంటి అవయవం ఒకటి జీవితాంతం నిలిచి ఉంటుంది. దాన్ని బిడ్డర్ అవయవం అంటారు. ఇతర కప్పల కుటుంబాల్లో ఇది కనబడదు.

కొలిచే తీరు

ముక్కు కొస నుంచి మలద్వారం వరకు ఒంటి పొడవు తీసుకోవడం ఆనవాయితీ. తర్వాత తల పొడవు, తల వెడల్పు, ముంజేయి, తొడ, పిక్క, పాదం, పారటాయిడ్ గ్రంథి పొడవు వెడల్పులు వెర్నియర్ కాలిపర్స్‌తో తీస్తారు. కప్పను చంపనక్కర్లేదు. తడి చేతితో పట్టుకుని కొలిచి, పట్టిన చోటే వదిలెయ్యవచ్చు.

సైజు వేరు, ఆకృతి వేరు. చంటిపిల్లాడి ఫొటోను ఎంత పెద్దది చేసినా పెద్దమనిషి ఫొటో కాదు, తలా కాళ్లూ ఉన్న నిష్పత్తి వేరు కాబట్టి. కప్ప కూడా ఎదిగేకొద్దీ దాని అవయవాలు ఒకే పాళ్లలో పెరగవు. అందుచేత పెద్ద ఆడకప్పను చిన్న మగకప్పతో పోల్చి దీని తల వెడల్పు, దాని కాళ్లు పొడుగు అనేస్తే అది లింగభేదమో, వట్టి సైజు ప్రభావమో తెలియదు. ఒంటి పొడవును లెక్కలోంచి తీసేశాక మిగిలే తేడానే అసలు ఆకృతి భేదం. ఇప్పుడు ఎముకల మీద నిర్ణీత బిందువులను గుర్తించి, కంప్యూటర్‌లో అన్ని కప్పలనూ ఒకే సైజుకు, ఒకే దిశకు తెచ్చి పోల్చే పద్ధతి ఉంది. సీటీ స్కాన్‌తో పుర్రె, భుజం ఎముకలు, కటి ఎముకలను కూడా కోత లేకుండా చూడగలుగుతున్నారు.

కోరింగ, డర్బన్, మారిషస్

గౌతమి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరింగ ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1839 నవంబరు తుపాను ఆ రేవును ఊడ్చిపెట్టింది. అయినా ఓడలు ఆగలేదు. 1843లో కోరింగ ప్యాకెట్ అనే ఓడ ఇక్కడి నుంచి తెలుగు కూలీలను మారిషస్ చెరకు తోటలకు తీసుకుపోయింది. అక్కడ తెలుగువాళ్లకు చాలాకాలం కోరింగీలనే పేరు ఉండేది. 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకూ మన కూలీలు వెళ్లారు. వాళ్లు దిగిన రేవు డర్బన్.

ఆ డర్బన్ చుట్టుపక్కల చిత్తడి నేలల్లో బతికేదే గట్టురల్ టోడ్, శాస్త్రనామం స్క్లెరోఫ్రిస్ గట్టురాలిస్. మన గోదురుకప్పలాగే మనుషుల వాడల్లో, తోటల్లో ధైర్యంగా తిరిగే కప్ప. 1922లో గాబ్రియెల్ రెన్యార్ అనే ఆయన దీన్ని డర్బన్ నుంచి మారిషస్‌కు తెప్పించాడు. చెరకును తినే పెంకుపురుగులను ఇది తినేస్తుందని ఆశ. 1927లో మారిషస్ నుంచి పొరుగు దీవి రీయూనియన్‌కు దోమల నిర్మూలన కోసం తీసుకుపోయారు. ఆ రెండు దీవుల్లోనూ అంతకుముందు సొంత కప్ప జాతి ఒక్కటీ లేదు. ఈ దీవుల కప్పలన్నీ డర్బన్ ప్రాంతం నుంచి వచ్చినవేనని 2019లో జన్యుపరీక్ష తేల్చింది. మారిషస్‌కు ఒకే పంట కోసం, ముందు మనుషులు, తర్వాత కప్పలు వెళ్లాయన్నమాట.

2020లో జేమ్స్ బాక్స్‌టర్-గిల్బర్ట్, జాన్ మీజీ, వారి సహచరులు రెండు దీవుల కప్పలను డర్బన్ కప్పలతో పోల్చి ‘బయాలజీ లెటర్స్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. మారిషస్ ఆడకప్పలు సొంత గడ్డ ఆడకప్పల కన్నా 33.9 శాతం చిన్నవి. రీయూనియన్ ఆడవి 25.9 శాతం చిన్నవి. మగవాటిలో మారిషస్‌వి 22.4 శాతం తగ్గాయి. రీయూనియన్ మగవాటిలో చెప్పుకోదగ్గ తగ్గుదల కనబడలేదు. వెనక కాళ్లు మాత్రం ఒంటి పొడవుతో పోల్చితే రెండు దీవుల్లో, ఆడ మగ రెంటిలోనూ పొట్టివయ్యాయి. ఆ తగ్గుదల 3.4 నుంచి 9 శాతం దాకా ఉంది. ఇదంతా జరగడానికి పట్టిన కాలం వందేళ్ల లోపు.

ఈ అంకెల్లో నన్ను నిలబెట్టింది ఆడకప్పల లెక్క. రెండు దీవుల్లోనూ ఆడదే ఎక్కువ కుంచించుకుపోయింది. అంటే సొంత గడ్డ మీద ఆడ మగల మధ్య ఉన్న సైజు తేడా దీవుల్లో తగ్గిపోయింది. పెద్ద ఒళ్లు ఉంటే ఎక్కువ గుడ్లన్న సూత్రం ఒక్కటే ఆడకప్పను నడిపిస్తూ ఉంటే ఇలా జరగకూడదు. కాబట్టి దీవి మీద పెద్ద ఒంటికి ఏదో గట్టి ఖర్చు పడుతూ ఉండాలి, లేదా పెద్దదయ్యేంత వరకు ఎదగనివ్వని అడ్డు ఏదో ఉండాలి.

పరిశోధకులు ఒక్క కారణానికే కట్టుబడలేదు. ప్రకృతి ఎంపిక చిన్న ఒంటిని నిలబెట్టి ఉండవచ్చు. దీవుల్లో ఏనుగులు, హిప్పోలు మరుగుజ్జులైన పాత చరిత్రలాంటిదే ఇది కావచ్చు. తిండి చాలక, కప్పలు కిక్కిరిసి, జన్యువులు మారకుండానే ఒళ్లు చిన్నదై ఉండవచ్చు. ఆయుష్షు తగ్గి, ముసలి పెద్ద కప్పలు మిగలకపోవడమూ కారణం కావచ్చు. వీటిని విడదీయడానికి దారి ఒకటుంది. మూడు చోట్ల గుడ్లనూ తెచ్చి ఒకే నీటిలో, ఒకే తిండితో పెంచి, పెద్దయ్యాక కొలవాలి. తేడా నిలిస్తే అది జన్యువులది, చెరిగిపోతే అది తిండీ నీళ్లదీ.

కాళ్ల సంగతి కొంత వేరు. తరిమి పట్టే శత్రువులు తక్కువగా ఉన్న దీవిలో ఎగిరి తప్పించుకునే వెనక కాళ్ల అవసరం తగ్గుతుందన్నది సబబుగా తోస్తుంది. సైజు తగ్గని రీయూనియన్ మగకప్పల కాళ్లు కూడా పొట్టివి కావడం చూస్తే, ఒళ్లూ కాళ్లూ వేర్వేరు తాళాలకు మారుతున్నాయని చెప్పాలి.

కేన్ టోడ్ కథ

దీవిలో కప్ప చుట్టూ సముద్రమే గోడ. ఖండంలో అలా కాదు, ముందుకు సాగడానికి బోలెడంత నేల ఉంటుంది. 1935లో చెరకు పురుగుల కోసమే హవాయి నుంచి ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌కు సుమారు 100 కేన్ టోడ్‌లను తెచ్చారు. పురుగుల పీడ విరగడ కాలేదు గాని కప్పలు ఖండం ఉత్తరభాగమంతా పాకాయి. మొదట్లో ఏడాదికి పది పదిహేను కిలోమీటర్లు సాగిన దండు, తర్వాత యాభై అరవై కిలోమీటర్ల వేగం అందుకుంది. 2006లో ‘నేచర్’ పత్రికలో బెన్ ఫిలిప్స్, రిచర్డ్ షైన్ బృందం దీనికి కారణం చూపింది. పొడవు కాళ్ల కప్పలు వేగంగా కదిలి ముందు చేరుతున్నాయి. దండు అంచున ఉన్నవన్నీ అలాంటివే కావడంతో వాటిలో అవే జతకట్టి, వేగం పిల్లలకు సంక్రమిస్తోంది. బతికి బట్టకట్టడంలో గెలుపుతో పని లేకుండా, ఎవరు ముందు చేరారన్న ఒక్క దానితోనే జరిగే ఈ వడపోతకు స్థల వడపోత అని పేరు.

తర్వాతి కథ ఇంత సూటిగా లేదు. 2016లో కామెరాన్ హడ్సన్, షైన్ బృందం హవాయి, ఆస్ట్రేలియాల్లోని 67 చోట్ల 3000కు పైగా కప్పల కాళ్లు కొలిచింది. తూర్పు నుంచి పడమరకు పోయేకొద్దీ కాళ్లు మొదట పొట్టివయ్యాయి, దండు అంచుకు చేరేసరికి మళ్లీ పొడుగయ్యాయి. ఆడ మగల మధ్య కాళ్ల తేడా మాత్రం మొదటి నుంచి చివరి దాకా తగ్గుతూనే పోయింది. అంచున కప్పలు పలచగా ఉంటాయి. ఒక్క ఆడదాని మీద పది మగకప్పల పెనుగులాట ఉండదు. పట్టు కోసం పొడవు చేతులు పెంచే ఒత్తిడి సడలితే మగది ఆడదాన్ని పోలుతుంది. ఒకే చోట పెంచిన 489 పిల్లల్లోనూ ప్రాంతాల తేడా అలాగే నిలిచింది కాబట్టి ఇందులో జన్యువుల పాత్ర ఉన్నట్టే.

ఈ పరుగుకు కప్పలు మూల్యం చెల్లించాయి. అంచున ఉన్న పెద్ద కప్పల్లో వెన్నెముక కీళ్లవాపు కనిపించింది. ఇంకోవైపు, చాలా కాలం క్రితమే కప్పలు స్థిరపడ్డ చోట్ల వాటి ఒళ్లూ, ఒంటితో పోల్చి చూస్తే విషగ్రంథులూ చిన్నవయ్యాయి. ఇది స్థానిక పాములకు మంచి కబురే.

మన కప్ప పరాయి గడ్డ మీద

2014లో మడగాస్కర్ తూర్పు తీరంలోని టొమాసినా రేవుపట్టణం చుట్టూ మన గోదురుకప్ప ఉందని ‘నేచర్’లో హెచ్చరిక వచ్చింది. స్థానికులు అంతకుముందు నుంచే చూస్తున్నారు. సరుకు కంటైనర్లలో వచ్చి ఉంటుందని అంచనా. అప్పటికే 40 లక్షల దాకా ఉండవచ్చని, పూర్తిగా తుడిచిపెట్టడం సాధ్యం కాదని నిపుణులు తేల్చారు. 2018లో అక్కడి 77 జాతుల జంతువుల జన్యువులను పరిశీలిస్తే, ఈ విషాన్ని తట్టుకునే లక్షణం ఒక్క ఎలుక జాతిలోనే కనిపించింది. మన నీరుకట్టుకున్న రక్షణ అక్కడి పాములకు లేదు.

ఆ కప్పలు భారతదేశం నుంచి పోయినవి కావు. 2017లో మైటోకాండ్రియా డీఎన్ఏను పరీక్షించినప్పుడు మూలం ఆగ్నేయాసియా ప్రధాన భూభాగమని తెలిసింది. పరీక్షించిన కప్పలన్నిటిలో ఆ డీఎన్ఏ ఒకే రకంగా ఉంది. అంటే మొదట దిగినవి బహు కొద్ది. కొద్దిపాటి కప్పల నుంచి పుట్టిన జనాభాకు ఆ కొద్దిటి ఆకారమే సంక్రమిస్తుంది. సొంత గడ్డతో తేడా కనిపించినప్పుడు అది కొత్త చోటు చేసిన మార్పా, మొదట దిగిన కప్పల వాటమా అన్న ప్రశ్న ఇక్కడ తప్పదు. పైగా ఈ జాతే ఒక్క అచ్చు కాదు. ఆసియా ప్రధాన భూభాగం, మయన్మార్ తీరం, సుందా దీవులు అనే మూడు పాత వంశాలు దీనిలో ఉన్నాయని 2016లో గుర్తించారు. పోలికకు పనికొచ్చే ప్రామాణిక కొలతలు ఏ దేశానికాదేశం, ఏ ప్రాంతానికాప్రాంతం విడిగా ఉండాలి.

ఈ పని డెల్టాలో చెయ్యడానికి పెద్ద ఖర్చు లేదు. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం కళాశాలల జంతుశాస్త్ర విద్యార్థులకు ఒక్కో కాలిపర్స్, ఒక్కో నోటుపుస్తకం ఉంటే చాలు. మెట్టలో, పల్లపు చేలల్లో, కోరింగ మడ అడవుల అంచున, పట్టణం వీధుల్లో ఆడ మగ విడిగా కొలిచి రాసి పెట్టాలి. పుట్టింటి కొలత లేకుండా పరాయి గడ్డ మీద వచ్చిన మార్పును తూచలేం. ఇక కడియం, కడియపులంక నర్సరీల వాళ్లకు, కొబ్బరి పొట్టు లోడు చేసేవాళ్లకు ఒక మనవి. గోదురుకప్ప పగలు దాగేది సరిగ్గా కుండీల అడుగున, తడి పొట్టులో. దూరప్రాంతాలకు, ముఖ్యంగా దీవులకు పోయే సరుకైతే కుండీ ఎత్తి కింద చూసి, కప్ప ఉంటే అక్కడే తోటలో వదిలి, ఆ తర్వాతే లారీకి ఎక్కించండి.